ముహూర్తానికి మూడొందల స్పీడు

బూరుగులంకలో నేలపాటి వారింట్లో ఉన్న తెలివి ఇంకే ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళో వాళ్ళెవరూ అనలేదు లెండి. నేలపాటి వారే అనుకునేవారు, అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. "మన తెలివి బయటికి పొక్కకూడదురా, దిష్టి తగులుద్ది" అని తల్లి మంగాయమ్మ కొడుకులు ముగ్గురికీ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసేది. దిష్టి బాగానే తీసినట్టుంది. ఆ తెలివి ఇప్పటివరకూ ఎవరి కంటా పడలేదు.

పెద్దోడు ఏడుకొండలు. రొయ్యల చెరువు, ఇంటి పెత్తనం అంతా ఆయనదే. నడిపోడు తాతారావు, లెక్కల్లో దిట్ట అని ఇంట్లో పేరు. చిన్నోడు నూకరాజు. అన్నయ్యలు కూర్చోమంటే కూర్చుంటాడు, మళ్ళీ లేవమనేదాకా లేవడు. అంత మంచోడు పాపం.

ఏడుకొండలికి పెళ్ళి కాలేదు. ఒకసారి కుదిరింది గానీ, ఈయన ముహూర్తానికి వెళ్ళేసరికి అక్కడ పందిరి రాటలు పీకేస్తున్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తనకి తప్పిపోతే తప్పిపోయింది, తమ్ముడికి మాత్రం తప్పకూడదని ఆయన గట్టి పట్టుదల.

నూకరాజుకి కుమ్మరిపాలెం కాశీగారమ్మాయి ఝాన్సీని చూశారు. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల "మీరేమైనా అడగాలా?" అంది. నూకరాజు బాగా ఆలోచించి, "ఇంకో రెండు బూరెలు" అన్నాడు. పిల్ల పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, చేసుకుంటే ఇతన్నే చేసుకుంటానంది. సంబంధం ఖాయమైంది. అంతా బాగానే ఉంది గానీ, నిశ్చితార్థం రోజున వచ్చిపడింది చిక్కు.

ఆ రోజు నేలపాటి వారు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బయల్దేరారు. ఊరు దాటగానే బడి దగ్గర రోడ్డు పక్కన బోర్డు కనబడింది. 'నెమ్మదిగా వెళ్ళండి' అని ఉంది. "ఒరేయ్, నెమ్మదిగా పోనివ్వు" అన్నాడు ఏడుకొండలు. ఆటోవాడు నెమ్మది చేశాడు. బడి దాటింది. "ఇంక లాగించనా?" అన్నాడు వాడు. "లాగించమని బోర్డు ఎక్కడైనా ఉందా?" అన్నాడు తాతారావు. లేదు మరి! కుమ్మరిపాలెం దాకా ముప్ఫై కిలోమీటర్లూ వెతుక్కుంటూ వెళ్ళారు, 'ఇంక ఫాస్టుగా వెళ్ళండి' అన్న బోర్డు ఒక్కటీ లేదు. ఇంకేముంది, వీళ్ళు చేరేసరికి విస్తళ్ళు ఎత్తేసి, వంటవాళ్ళు గిన్నెలు తోముకుంటున్నారు.

కాశీగారికి ఒళ్ళు మండిపోయింది. "ఇదిగో ఏడుకొండలుగారూ, నిశ్చితార్థం కాబట్టి ఊరుకున్నాను. పెళ్ళికి గనక ముహూర్తం దాటిందా, సంబంధం లేదు. పీటల మీదే మా బావమరిది కొడుక్కిచ్చి చేసేస్తాను. వాడు తయారుగా కూర్చున్నాడు" అనేశారు. ఝాన్సీ మొహం ఇంతైపోయింది. నూకరాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి తలుపులేసుకుని ఆలోచించారు.

"మనం ఎందుకు లేటవుతున్నాం?" అన్నాడు ఏడుకొండలు.

"ముందు వెళ్ళకపోబట్టి" అన్నాడు తాతారావు.

"ముందు ఎందుకు వెళ్ళట్లేదు?"

"బండి ఫాస్టుది కాక."

"అదీ సంగతి! అయితే లోకంలోకెల్లా ఫాస్టు బండి కొనేద్దాం" అన్నాడు ఏడుకొండలు. మంగాయమ్మ మెటికలు విరిచింది. ఇంత తెలివి ఎవరి కడుపున పుడుతుందండీ?

ఆ ఏడు రొయ్య బాగా పండింది. అన్నదమ్ములు పట్నం వెళ్ళి, అద్దాల షోరూములో అడుగుపెట్టారు. అక్కడో కుర్ర సేల్సుమాన్. "ప్రపంచంలో దీన్ని మించింది లేదు అనేది చూపించండి" అన్నాడు ఏడుకొండలు.

"రేసుల కోసం కట్టేవి వేరండి, అవి అమ్మరు. ఫ్యాక్టరీలో వరసగా తయారుచేసి, నంబరు ప్లేటు వేసి, మీకూ నాకూ అమ్మే బళ్ళలో మాత్రం ఇదేనండి మొనగాడు" అని ఒక నల్ల మోటారుసైకిలు చూపించాడు ఆ అబ్బాయి. "గంటకి మూడొందల కిలోమీటర్లు పోతుంది. అంతకి మించి పోనివ్వకూడదని కంపెనీల వాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాటనుకున్నారు. లేకపోతే ఇంకా పోయేదే."

"మరి మించిపోతే, అంత స్పీడులో పట్టుకునేదెవరండీ?" అన్నాడు నూకరాజు. సేల్సుమాన్ గబగబా బిల్లు పుస్తకం తీశాడు. ఏడుకొండలు తమ్ముడి వీపు తట్టాడు.

బండి కొన్నారు. వెళ్ళబోతుంటే ఆ అబ్బాయి మంచికే నాలుగు మాటలు చెప్పాడు. "అన్నా, మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని కష్టపెట్టకూడదు. వెయ్యి తిరిగాక ఆయిలు మార్చాలి. ఆ తర్వాత మీ ఇష్టం. బరువు ఎంత తక్కువుంటే అంత స్పీడు. హెల్మెట్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు."

అంతే, ఆ నాలుగు మాటలూ ఏడుకొండలు నాలుగు దేవుళ్ళకి మొక్కినట్టు మొక్కుకున్నాడు. హెల్మెట్ షోరూములో పెట్టుకున్నవాడు మళ్ళీ తియ్యలేదు. అన్నం అద్దం ఎత్తి తినేవాడు, పడుకునేటప్పుడు అద్దం దించుకునేవాడు. తలకి నూనె ఎలా రాసుకుంటావురా అని తల్లి అడిగితే, "పైనుంచి రాయమ్మా, అదే దిగుద్ది" అన్నాడు.

ఇప్పుడు వెయ్యి కిలోమీటర్లు తిప్పాలి. కష్టపెట్టకుండా తిప్పాలి. ఎలా?

"ఎక్కితే దానికి కష్టం. నడిపితే ఇంకా కష్టం" అన్నాడు తాతారావు. "దాన్ని కూర్చోబెట్టి మనమే తిప్పుదాం." వాళ్ళ రొయ్యల వ్యాను తీశారు. అందులో బూరుగుదూది పరుపు వేశారు, మంగాయమ్మ కాపరానికొచ్చినప్పుడు తెచ్చుకున్నది. బండిని పరుపు మీద నిలబెట్టి, నాలుగు పక్కలా దిళ్ళు సర్ది, ఎండ తగలకుండా దుప్పటి కప్పి, తిరుపతి తీసుకెళ్ళారు. రానూ పోనూ వెయ్యి దాటుతుందని తాతారావు లెక్క.

దారిలో ఒక పోలీసాయన వ్యాను ఆపి, దుప్పటి ఎత్తి చూశాడు. "కొత్త బండిలా ఉందే. పాడైందా?"

"ఛ ఛ, శుభమా అని వెళుతుంటే అదేం మాటండీ! తిప్పుతున్నాం" అన్నాడు ఏడుకొండలు హెల్మెట్ లోంచి.

"బండి మీద లేవు, హెల్మెట్ ఎందుకయ్యా?"

"బండి నా వెనకాలే ఉందిగా అండి."

పోలీసాయన వాళ్ళ మొహాలు ఒకటికి రెండుసార్లు చూసి, దుప్పటి జాగ్రత్తగా కప్పి, పొమ్మన్నాడు. ఉద్యోగంలో ఎన్నో చూసి ఉంటాడు గానీ ఇది చూసి ఉండడు.

తిరిగొచ్చాక మీటరు చూస్తే సున్నా దగ్గరే ఉంది. నూకరాజు బెంగపడ్డాడు. "అన్నయ్యా, మీటరు తిరగలేదే!" ఏడుకొండలు పకపకా నవ్వాడు. "పిచ్చి సన్నాసీ, అంత ఫాస్టు బండిని మీటరు ఎక్కడ అందుకుంటుందిరా?" అందరికీ ధైర్యం వచ్చింది.

ఇక ఆయిలు. పెళ్ళికొడుకుని చేసే రోజు పొద్దున్నే మంగాయమ్మ నూకరాజుకి తలంటుతూ, "ఆయిలంటే నూనేగా. మనింట్లో వాడే కొబ్బరినూనె మార్చి నువ్వులనూనె పెడదాం, చలవ" అంది. ఇంకేముంది! నూకరాజు పక్కనే బండిని కూడా నిలబెట్టారు. ముత్తైదువలు వాడికో చెంబు, దానికో చెంబు పోశారు. నలుగు పెట్టారు, బుగ్గన చుక్క పెట్టారు. బండికి బుగ్గెక్కడుందని కాసేపు గొడవైంది. చివరికి లైటు పక్కన పెట్టారు. సీటుకైతే నూనె ఇంకిపోయేదాకా మర్దనా చేశారు.

పెళ్ళిరోజు వచ్చింది. ముహూర్తం పన్నెండున్నరకి. బంధువులంతా పొద్దున్నే బస్సెక్కి కుమ్మరిపాలెం వెళ్ళిపోయారు. ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ, తల్లీ మిగిలారు. నూకరాజు పట్టుబట్టలు కట్టుకుని, బాసికం కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు గోడ గడియారం వంక చూస్తూ కూర్చున్నారు.

తొమ్మిదిన్నరకి ఝాన్సీ ఫోను చేసింది. "బావగారూ, ఎక్కడిదాకా వచ్చారు?"

"ఇంట్లోనేనమ్మా, కంగారు పడకు" అన్నాడు ఏడుకొండలు. "తాతారావు లెక్కకట్టాడు. మూడొందల స్పీడుకి ముప్ఫై కిలోమీటర్లు ఆరు నిమిషాలు. ముహూర్తానికి ఆరు నిమిషాల ముందు బయల్దేరతాం. ఇప్పుడే వచ్చేస్తే మరీ ముందొచ్చి మీకు ఇబ్బంది."

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడే, ఈ క్షణమే బయల్దేరండి. మా మావయ్య కొడుకు అప్పుడే పట్టుపంచె కట్టేసుకున్నాడు" అంది ఆ పిల్ల. గొంతులో ఏడుపు వినబడింది.

ఏడుకొండలు ఆ ఏడుపు తట్టుకోలేకపోయాడు. ఎగిరి గంతేసి బండెక్కాడు. వెనకాల నూకరాజు ఎక్కాడు, వాడి వెనకాల తాతారావు, తాతారావు ఒళ్ళో సారె కావిడి. మంగాయమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. బండి గాండ్రించింది. పెరట్లో కోళ్ళు చెట్లెక్కాయి. బండి ఒక్క అడుగు ముందుకెళ్ళిందో లేదో, నూనె సీటు మీంచి తాతారావు సర్రున జారి కావిడితో సహా బురదలో పడ్డాడు.

"చూశావా!" అన్నాడు ఏడుకొండలు. "బరువు వద్దంటోంది. ఆ అబ్బాయి ముందే చెప్పాడు, బరువు తగ్గితే స్పీడని. నువ్వుండిపోరా తాతారావూ."

మళ్ళీ బయల్దేరారు. ఈసారి నూకరాజు జారాడు. వాణ్ణి లేపి దుమ్ము దులిపి, మెడలో పూలదండ తీసేశారు. మళ్ళీ జారాడు. మొలలో దోపుకున్న మంగళసూత్రాల పొట్లం తీసి మంగాయమ్మ చేతికిచ్చారు. అయినా జారాడు. గడియారం పది దగ్గరికి వస్తోంది. ఏడుకొండలికి చెమటలు పట్టాయి. తన పెళ్ళినాడు చూసిన పీకేసిన రాటలు కళ్ళముందు కనబడ్డాయి.

"నువ్వెంత బరువుంటావురా?" అన్నాడు తమ్ముణ్ణి.

"డెబ్భై కేజీలన్నయ్యా."

"డెబ్భై కేజీలేసుకుని వెళితే ముహూర్తానికి అందుతామా?"

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "అందలేం అన్నయ్యా. నువ్వెళ్ళు. ఆ పిల్లని మాత్రం ఏడిపించొద్దు" అన్నాడు. ఎంత పెద్ద మనసండీ! ఏడుకొండలు తమ్ముణ్ణి కావలించుకున్నాడు, హెల్మెట్ తగిలి వాడి నుదురు బొప్పి కట్టింది. అంతే, ఒక్కడే బండెక్కి పోయాడు.

ఏడుకొండలికి తెలిసింది మొదటి గేరొక్కటే. దాంతోనే పోనిచ్చాడు. స్పీడుకి భయపడి పిడికిళ్ళు బిగించి పట్టుకున్నాడు. పాలవాడి మోపెడ్ దాటిపోయింది, కొబ్బరిబోండాల లారీ దాటిపోయింది. 'పాపం, వీళ్ళు ఎంత పొద్దున్నే బయల్దేరారో' అనుకున్నాడు ఆయన.

అయితే ఏం, పదిన్నర దాటీ దాటకుండా కుమ్మరిపాలెం పందిరి ముందు దిగాడు. సన్నాయి ఆగిపోయింది. కాశీగారు గడియారం చూసుకుని, మొదటిసారి నవ్వుమొహం పెట్టారు. "శభాష్ ఏడుకొండలుగారూ! చెప్పిన టైముకన్నా ముందే వచ్చేశారు. ఏడీ అల్లుడు?"

"ఇంటి దగ్గరున్నాడండి."

"ఇంటి దగ్గరా?"

"వాణ్ణి కూడా ఎక్కించుకుంటే లేటైపోయేవాళ్ళం, డెబ్భై కేజీలండి" అన్నాడు ఏడుకొండలు గర్వంగా. "మాటంటే మాటే. ముహూర్తానికి వస్తామన్నాం, వచ్చేశాం."

కాశీగారు కుర్చీలో కూలబడ్డారు. బావమరిది కొడుకు పంచె సర్దుకుంటూ పీటల దగ్గరికి జరిగాడు. అప్పుడు లేచింది ఝాన్సీ. పెళ్ళికూతురు ముస్తాబులో, బుగ్గన చుక్కతో, చేతిలో కొబ్బరిబోండంతో సహా నిలబడి, "నాన్నా, ముహూర్తం దాటకూడదన్నావు గానీ, ముహూర్తం ఎక్కడో చెప్పలేదు కదా. ఇంకా టైముంది. ఆయన రాకపోతే నేనే అక్కడికెళతాను" అంది. "బావగారూ, నేను చెప్పులేసుకుని వస్తాను, బండి తియ్యండి. పంతులుగారూ, మీరు వెనకాల వంటసామాను వ్యానులో రండి."

ఏడుకొండలు ఉప్పొంగిపోయాడు. ఇలాంటి పిల్ల కదా మనింటికి కావాలి! బండి తియ్యమంది. తీశాడు. ఇంతలో గుర్తొచ్చింది. ఈ పిల్ల ఒంటి మీద పట్టుచీర, వడ్డాణం, గాజులు, పూలజడ, చేతిలో బోండం. ఎంత బరువో! ముహూర్తం తప్పిపోదూ? ఇంకేముంది, ఆ పిల్ల చెప్పులేసుకుని వచ్చేసరికి పందిరి ముందు పొగ తప్ప బండి లేదు.

ఏడుకొండలు ఇంటి ముందు దిగేసరికి నూకరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అన్నయ్యా, పెళ్ళైపోయిందా?"

"లేదురా. పిల్ల ఇక్కడికే వస్తానంది."

"ఏదీ?"

"వడ్డాణం బరువని వదిలేసొచ్చాను."

మంగాయమ్మ అప్పటిదాకా ఓపిక పట్టింది. ఇంక పట్టలేక చీపురు తీసుకుంది. "ఒరేయ్, పెళ్ళికూతురు లేకుండా పెళ్ళేంట్రా! వెళ్ళు! పందిట్లోంచి పిల్లని తీసుకురా! పిల్ల లేకుండా గుమ్మం తొక్కావంటే ఊరుకోను!" అని రెండు తగిలించింది. హెల్మెట్ ఉండబట్టి బతికిపోయాడు గానీ లేకపోతే ఏమయ్యేదో.

మళ్ళీ బండెక్కాడు. కాలవగట్టు మీద సగం దారిలో ఎదురుగా ఒక వ్యాను వస్తోంది. ముందు సీట్లో ఝాన్సీ, పక్కన పంతులుగారు జీలకర్రా బెల్లం పళ్ళెం పట్టుకుని. వెనకాల బంధువుల బస్సు, దాని వెనకాల కాశీగారు, సన్నాయివాళ్ళు, ఊరు ఊరంతా. ఝాన్సీ సగం బయటికి వంగి రెండు చేతులూ ఊపింది. "బావగారూ! ఆగండి! నేనిక్కడే ఉన్నాను!"

ఏడుకొండలు చూశాడు. చూసి సంతోషించాడు కూడా. కానీ అమ్మ ఏమని చెప్పింది? పందిట్లోంచి తీసుకురమ్మంది. వ్యానులో ఉన్న పిల్లని తీసుకెళితే చీపురు తిరగెయ్యదూ? హ్యాండిలు వదల్లేడు కాబట్టి హెల్మెట్ తో మర్యాదగా తలూపి, ముందుకి పోనిచ్చాడు.

కుమ్మరిపాలెం పందిట్లో పిట్ట లేదు. ఒక్క వంటాయన పప్పు గోళెం పక్కన నిలబడి, ఈ పప్పంతా ఎవరు తింటారా అని చూస్తున్నాడు.

"పెళ్ళివారేరండీ?" అన్నాడు ఏడుకొండలు.

"అంతా మీ ఊరే వెళ్ళారు కదండీ."

"అయితే నేనే ముందొచ్చానన్నమాట" అని ఏడుకొండలు తృప్తిగా అద్దం ఎత్తి చెమట తుడుచుకున్నాడు. వాళ్ళింట్లో పుట్టి బుద్ధెరిగాక ఒక శుభకార్యానికి అందరికన్నా ముందు చేరడం ఇదే. నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంటే ఆయనకి కళ్ళు చెమర్చాయి.

పన్నెండున్నర కొట్టింది. ఫోను మోగింది. అవతల సన్నాయి, బాజాలు, గోల గోల. "అన్నయ్యా!" అని అరిచాడు తాతారావు. "అయిపోయిందన్నయ్యా! సరిగ్గా ముహూర్తానికి జీలకర్రా బెల్లం పెట్టించేశారు. తాళి కట్టేశాడు. కాశీగారే అక్షింతలు వేశారు. నూకరాజు నీకోసం ఏడుస్తున్నాడు, ఝాన్సీ నవ్వుతోంది. నువ్వు వచ్చెయ్యి!"

ఏడుకొండలు పందిరంతా ఒకసారి కలియజూశాడు. పీటలు ఖాళీ. తెర కింద పడి ఉంది. తలంబ్రాల పళ్ళెంలో తలంబ్రాలు అలాగే ఉన్నాయి.

"నీ లెక్క తప్పిందిరా తాతారావూ" అన్నాడు మెల్లిగా. "పెళ్ళి పందిట్లో కదా అవుతుంది? పందిట్లో నేను కళ్ళారా చూస్తున్నాను. ఇక్కడ ఎవరికీ అవ్వలేదు."

ఫోను చేతులు మారింది. "బావగారూ, నేను ఝాన్సీని. నిజంగా అయిపోయింది. భోజనాలకి మీకోసం ఆగాం. వచ్చెయ్యండి."

"ఎలా వస్తానమ్మా? నిన్ను పందిట్లోంచి తీసుకురమ్మంది అమ్మ. నువ్వు ముందు పందిట్లోకి రావాలి కదా, అప్పుడు తీసుకొస్తాను. నువ్వేం కంగారుపడకు, నేనిక్కడే ఉంటాను" అని ఫోను పెట్టేశాడు.

వంటాయన గరిటె పట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఏడుకొండలు ఆయన వంక తిరిగి, "ఏం చేస్తామండీ, పెళ్ళివారు లేటు. మీ కాశీగారైతే నిమిషం దాటితే సంబంధం లేదనేస్తారు గానీ, నేనలాంటి మనిషిని కాదు. ఎంత లేటుగా వచ్చినా ఒక్క మాటనను" అన్నాడు. అని, హెల్మెట్ అద్దం దించుకుని, పెళ్ళిపీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.